మన బడి గ్రౌండు, మిల్ట్రీ తాత
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఇంజనీరింగులో ఉన్న అవకాశాల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ మాటలు ఇప్పుడు పిల్లల చేతిలో ఉన్న ఫోనే నాకంటే బాగా చెబుతుంది. అందుకని వారి అనుమతితో ఇంకొకరి గురించి మాట్లాడతాను. ఆయన పేరు మన బడి అడ్మిషన్ రిజిస్టర్లో లేదు, హాజరు పట్టీలో లేదు, జీతాల బిల్లులో కూడా లేదు. కానీ ఎనభైల్లో ఇక్కడ చదివినవాళ్లలో ఆయన చేత చెవి మెలిపెట్టించుకోనివాళ్లు తక్కువ. మీరందరూ ఆయనను మిల్ట్రీ తాత అని పిలిచేవారు. నాకు ఆయన సొంత తాత, మా బాపుకు తండ్రి.

మా తాత ఆసిఫాబాద్ తాలూకాలోని ఒక చిన్న పల్లెలో పుట్టాడు. జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగింది 1940లో. ఆ మరుసటి ఏడాది మా తాత ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో రైలెక్కి సికింద్రాబాద్ పోయి పట్టాళంలో చేరాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఎందుకు చేరావని అడిగితే, "రెండు పూటల బువ్వ పెడతరన్నరు, కాళ్లకు బూట్లిస్తరన్నరు" అనేవాడు. అంతకు మించి ఏ గొప్ప కారణమూ చెప్పేవాడు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు. బలవంతపు భర్తీ లేకుండా అంత పెద్ద సైన్యం ప్రపంచంలో మరొకటి తయారుకాలేదని చరిత్ర పుస్తకాల్లో రాస్తారు. ఆ 25 లక్షల్లో బువ్వ కోసం, బూట్ల కోసం పోయినవాళ్లు ఎందరో ఆ పుస్తకాల్లో ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్ రాజ్యం మనిషి కదా, హైదరాబాద్ రెజిమెంటులో ఉన్నాడేమో అని అడుగుతుంటారు. ఆ రెజిమెంటుకు పేరే హైదరాబాదు. అందులో ఎక్కువగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఉండేవారు. 1945లో దాని పేరును కుమావూన్ రెజిమెంటుగా మార్చారు కూడా. మా తాత చేరింది బెంగుళూరులోని మద్రాస్ సాపర్స్ దళంలో. తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు కలిసి ఉండే దళం అది. అక్కడివాళ్లను పట్టాళంలో ముద్దుగా తంబీలు అంటారు. తాత ముసలితనంలో కూడా ఎవరి మీదైనా ప్రేమ పుడితే "ఏం తంబీ" అనడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

సాపర్ల పని ఏమిటి? ముందు నడిచి దారి చేయడం. వెనుక వచ్చే సైన్యానికి వంతెన కట్టడం, రోడ్డు వేయడం, శత్రువు నేలలో పాతిపెట్టిన మందుపాతరలు వెతికి తీయడం. ఇంజనీరుగా నాకు ఆ వంతెనల మీద ప్రత్యేకమైన గౌరవం ఉంది. బెయిలీ వంతెన అని ఒకటుంది. పది అడుగుల పొడవు, ఐదు అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు చట్రాలు వరుసగా బిగించుకుంటూ పోతే వంతెన తయారవుతుంది. ఒక్కో చట్రం బరువు సుమారు 260 కిలోలు. క్రేన్ అక్కర్లేదు, ఆరుగురు మనుషులు ఎత్తుతారు. రాత్రిపూట, దీపం లేకుండా, మాట్లాడకుండా ఎత్తాలి. ఒక్కడు చేయి వదిలితే మిగిలిన ఐదుగురి కాళ్లు నలుగుతాయి. "కబడ్డీల ఏడుగురు, బెయిలీల ఆరుగురు. రెండింట్లో నేనొక్కణ్ణే మొగోణ్ణి అనుకునేటోడు పనికి రాడు" అని తాత మనకు గ్రౌండు మీద చెప్పిన మాటకు అసలు చోటు అది.

ఆయన ఉత్తర ఆఫ్రికా ఎడారి చూశాడు. తర్వాత ఇటలీ పోయాడు. 1944 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కసీనో కొండ కింద ఉన్నాడు. వాన, బురద, మంచు. పైన కొండ మీద పాత మఠం, దాన్ని ఆనుకుని జర్మన్లు. ఇటలీ యుద్ధంలో 5,700కు పైగా భారతీయులు చనిపోయారు. ఆ ఫిబ్రవరి 24న, కసీనోకు కొద్ది దూరంలో ఉన్న మిన్యానో దగ్గర, మద్రాస్ సాపర్లలోని సుబ్రమణియన్ అనే తమిళ సుబేదార్ మందుపాతరలు తీయించే పనిలో ఉన్నాడు. వెంట ఉన్నవాడి కాలు ఒక మైన్ మీద పడింది. అది తొక్కగానే పేలదు, పైకి ఎగిరి పేలుతుంది, మధ్యలో కొన్ని సెకన్లు ఉంటాయి. ఆ కొన్ని సెకన్లలో సుబేదార్ దాని మీద బోర్లా పడి తన వాళ్లను కాపాడి, తాను పోయాడు. ఆయనకు మరణానంతరం జార్జ్ క్రాస్ ఇచ్చారు. మా తాత ఆయనతో కలిసి పనిచేసినవాడు కాదు. అయినా ఆ పేరు చెప్పినప్పుడు కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు.

మన ప్రాంతపు లెక్కలో చూస్తే ఆ కాలం ఇలా ఉంటుంది. తాత సముద్రం దాటి ఉన్న 1943లోనే మన మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర చొరవతో గోండు పిల్లలకు చదువు చెప్పే పంతుళ్ల శిక్షణ మొదలైంది. ఈ బడికి తాత వంటిది ఆ బడి. మా తాతకు మాత్రం ఇక్కడా అక్కడా చదువు అబ్బలేదు. పట్టాళంలో రోమన్ అక్షరాలతో ఉర్దూ నేర్పారు. ఆయన జీవితాంతం సంతకం అలాగే పెట్టాడు.

1946లో విడుదలై ఇంటికి వచ్చాడు. సిపాయికి పింఛను రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు ఉండాలి. ఐదేళ్లకే విడుదలైనవాళ్లకు చేతిలో కొంత పైకం పెట్టి పంపేశారు. ఆ పైకంతో ఆయన రెండు ఎడ్లు కొన్నాడు, పెళ్లి చేసుకున్నాడు. వ్యవసాయం కలిసి రాక రోడ్ల పనిలో మేస్త్రీగా చేరాడు. కంకర, మొరం, కల్వర్టులు. ఆ పని మీదే తిరిగి తిరిగి చివరికి జైనూరులో ఇల్లు వేసుకున్నాడు. ఈ బడి పెట్టే నాటికి ఆయన యాభై దాటాడు.

ఇక ఆటల సంగతి. పల్లెలో ఉన్నప్పుడు ఆయనకు తెలిసింది చిర్రగోనె, చెడుగుడు. హాకీ, ఫుట్‌బాల్, వాలీబాల్ బెంగుళూరు బ్యారక్‌లలో నేర్చుకున్నాడు. పట్టాళంలో సాయంత్రం ఆట కూడా డ్యూటీయే. అందుకే ఆయన ఆటను కాలక్షేపం అంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయన అభిమాన ఆటగాళ్లందరూ సిపాయిలే. ధ్యాన్‌చంద్ సిపాయి. మిల్ఖా సింగ్ పరుగు నేర్చింది మన సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్లో. అదే మిల్ఖా 1960 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో వచ్చింది రోమ్ నగరంలో. "ఆ ఊరి తొవ్వల నేను బురద ఎత్తిన, ఆయన ఉరికిండు" అని తాతకు గర్వం. హైదరాబాద్ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పట్టాళం మనిషే. ఆయన ఆడిన మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టు 1955లో, 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఇక పరమవీర చక్ర మొట్టమొదట పొందిన మేజర్ సోమ్‌నాథ్ శర్మ కథ ప్రతి ఏటా ఆగస్టు పదిహేనుకు మనం వినాల్సిందే. హాకీ ఆడుతూ చేయి విరిగి పట్టీ వేసుకుని ఉన్నా, విశ్రాంతి తీసుకోమన్నా వినకుండా తన కంపెనీతో కాశ్మీర్ పోయి, 1947 నవంబర్ 3న బద్గాం దగ్గర ప్రాణమిచ్చాడు. "చెయ్యి విరిగింది ఆటల, పానం ఇచ్చింది ఊరి కోసం. ఆట వేరు, ఊరు వేరు కాదు రా" అనేవాడు తాత.

1975లో కౌలాలంపూర్‌లో మన హాకీ జట్టు పాకిస్తాన్ మీద 2-1తో ప్రపంచ కప్పు గెలిచిన రోజు ఆయన ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకునే ఉన్నాడట. నాకు ఊహ తెలిసి విన్నది 1980 మాస్కో హాకీ స్వర్ణం. ఆ రోజు మా ఇంట్లో బెల్లం పంచారు. 1983లో క్రికెట్ కప్పు గెలిచినప్పుడు మాత్రం, "నిలబడి ఆడే ఆటకు ఇంత లొల్లి ఎందుకు" అన్నాడు. ఆ విషయంలో ఆయనను ఎవరూ మార్చలేకపోయారు.

మన గ్రౌండుకు వద్దాం. మనది నల్లరేగడి నేల. వానాకాలం కాలు దిగబడుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది. ఆ బీటల్లో కాలు పడితే మడమ మడతపడుతుంది. తాత ప్రతి ఎండాకాలం తెలిసిన బండ్లవాళ్లను పట్టుకుని నాలుగైదు బండ్ల మొరం తెప్పించి పోయించేవాడు. మధ్యలో కొంచెం ఎత్తు, అంచులకు వాలు, చుట్టూ చిన్న కాలువ. నేను తర్వాత కాలేజీలో పాఠంగా చదివిన డ్రైనేజీ అదే. సున్నంతో గీతలు కొట్టేవాడు. వాలీబాల్‌కు 18 మీటర్లు, 9 మీటర్లు. కబడ్డీకి 13, 10. ఖోఖోకు 27, 16. టేపు లేదు, తాడుకు ముడులు వేసి కొలిచేవాడు. తాడు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నిన్న టేపుతో సరిచూశాను. 18 మీటర్ల ముడిలో తేడా రెండు వేళ్లు.

అన్నిటికంటే ముందు ఆయన చేసే పని ఇంకొకటి ఉంది. తెల్లవారుజామున, పిల్లలు రాకముందు, గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివర దాకా వంగి నేల చూస్తూ నడిచేవాడు. ఆ చివర చేరగానే రెండడుగులు జరిగి మళ్లీ ఇటు. ముల్లు, గాజు పెంకు, మొన తేలిన రాయి ఏది కనిపించినా తీసి సంచిలో వేసేవాడు. చేతిలో సన్నని ఇనుప చువ్వ. అనుమానం వచ్చినచోట ఏటవాలుగా గుచ్చి చూసేవాడు. మనం నవ్వుకునేవాళ్లం. తాత పైసలు వెతుకుతున్నడు అనేవాళ్లం.

నేను వరంగల్ ఆర్.ఇ.సి.లో చదివే రోజుల్లో ఒక ఎన్.సి.సి. క్యాంపుకు పోయాను. అక్కడ ఒక సాపర్ హవల్దార్ మందుపాతరలు వెతికే పద్ధతి చూపించాడు. వరుసలు వరుసలుగా, అడుగు అడుగు, చువ్వను నిటారుగా కాకుండా ఏటవాలుగా గుచ్చుతూ. వెతికిన దారికి రెండు పక్కలా తెల్లని పట్టీ పరుస్తారు. తెల్లగీత లోపల కాలు పెట్టవచ్చు, బయట పెట్టకూడదు. ఆ నడక నాకు కొత్త కాదు. జైనూరులో రోజూ చూసిన నడకే అది.

సెలవులకు వచ్చినప్పుడు తాతను అడిగాను. చాలాసేపు బీడీ కాల్చుతూ కూర్చున్నాడు. తర్వాత ఒకే ఒక్కసారి చెప్పాడు. కసీనో దగ్గర ఒక పొద్దున ఆయన, విశాఖ వైపు నుంచి వచ్చిన ఇంకో కుర్రవాడు కలిసి ఒక దారి వెతికారు. పట్టీ పరిచారు. సాయంత్రం ఆ కుర్రవాడు పని అయ్యాక పట్టీకి రెండడుగుల అవతల ఉన్న ఒక చెట్టు దగ్గరకు పోయాడు. అంతే. ఇద్దరూ ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడినవాళ్లు.

"ఆడ మేం మన్నును నమ్మలేకపోయినం. ఒక్కొక్క అడుగు పానం అరచేతుల పెట్టుకుని ఏసినం. ఈడ పోరగాళ్లు కిందికి చూడకుంట ఉరుకుతున్నరు. కిందికి చూడకుంట ఉరికే భాగ్యం ఎంత పెద్దదో నాకు ఎరుక. గది పోవద్దని సూస్త."

ఆయన చెప్పింది ఇంతే. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

తాతను దేవుణ్ణి చేయడానికి నేను రాలేదు. కోపం ఎక్కువ. మా బాపుతో మనసు విప్పి పది మాటలు మాట్లాడిన రోజు లేదు. పోరగాళ్లందరి మోకాళ్లకు పసుపు పెట్టిన చెయ్యి తన కొడుకు భుజం మీద పడలేదని మా బాపు చివరిదాకా బాధపడ్డాడు. ఆయన నిద్రలో అరిస్తే మా అవ్వ లేచి నీళ్లిచ్చి, దీపం పెట్టి, పొద్దుటిదాకా పక్కన కూర్చునేది. ఆమె యుద్ధానికి పోలేదు, కానీ నలభై ఐదేళ్లు యుద్ధం ఆమె ఇంట్లోనే ఉంది. ఆమెకు ఏ పతకమూ లేదు. ఈ సభలో ఆమెను కూడా తలుచుకోవాలి.

దీపావళికి తాత ఊళ్లో ఉండేవాడు కాదు. మమ్మల్ని వెంటబెట్టుకుని మార్లవాయి వైపు దండారి చూడ్డానికి పోయేవాడు. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడుతుంటే తెల్లారేదాకా కూర్చునేవాడు. ఆ మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు ముందుగా తాతే గుర్తొచ్చాడు. ఆటంటే పిచ్చి కాబట్టి పోతున్నాడని మేం అనుకునేవాళ్లం. పటాకుల చప్పుడు పడదు కాబట్టి అని అవ్వ తర్వాత చెప్పింది. మరి డోలు, తుడుం చప్పుడు ఎట్లా పడుతుంది తాతా అని అడిగితే, "డోలు చెప్పి వస్తది" అన్నాడు.

గ్రౌండు మీద ఆయన పెట్టిన నియమాలు మూడు. ఒకటి, జట్టు ఎంచుకోవడం లేదు. వరుసలో నిలబడి ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్క చెప్పాలి. ఒకట్లు ఒక జట్టు, రెండ్లు ఒక జట్టు. అందుకే గోండు పిల్లవాడు, కోలాం పిల్లవాడు, లంబాడా పిల్లవాడు, ముస్లిం పిల్లవాడు, మాదిగ పిల్లవాడు, కోమటి పిల్లవాడు ఏ రోజు ఎవరి పక్కన ఉంటారో ఎవరికీ తెలియదు. నిన్న నా కాళ్లు పట్టి గుంజినవాడు ఇవాళ నా చెయ్యి పట్టుకుని గొలుసు కట్టాలి. రెండు, ఓడినవాళ్లు నీళ్లు తాగాకే గెలిచినవాళ్లు తాగాలి. మూడు, ఆడపిల్లలకు శనివారం పొద్దున గ్రౌండు మొత్తం ఇవ్వాలి. ఆ మూడో నియమానికి ఊళ్లో కొందరు పెద్దలు గొణిగారు. "అయితే మీరే వచ్చి నన్ను గ్రౌండు మీదికెళ్లి గుంజుండ్రి" అన్నాడు తాత. ఎవరూ రాలేదు. ఆ శనివారాల్లో ఉరికిన అక్కల్లో ఇద్దరు టీచర్లు, ఒకరు పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ముగ్గురూ ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు.

ఈ మొదటి నియమం ఈ ఊరికి ఎంత అవసరమో ఈ మధ్య మనందరికీ తెలిసొచ్చింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ మాట్లాడను. ఒక్కటే చెబుతాను. మా బ్యాచ్‌లో ఇప్పటికీ ఒకరి ఇంట్లో కష్టం వస్తే ముందుగా ఫోను చేసుకునేది ఆ ఒకట్లు, రెండ్ల లెక్కలో కలిసినవాళ్లమే.

తాత 1991లో పోయాడు. అప్పటికి గ్రౌండు ఎంత ఉందో ఇప్పుడు అంత లేదు. ఒక పక్క కొంత జాగా పోయింది, ఎట్లా పోయిందన్నది ఇప్పుడు తవ్వను. మిగిలినదాన్ని నిన్న సాయంత్రం ఇద్దరు మిత్రులతో కలిసి కొలిచాను. 400 మీటర్ల ట్రాక్ పట్టదు, దానికి సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావాలి. కానీ 200 మీటర్ల ట్రాక్ వేయడానికి 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. అది మనకు ఉంది. ట్రాక్ లోపల ఒక వాలీబాల్ కోర్టు, ఒక కబడ్డీ కోర్టు, ఒక ఖోఖో కోర్టు వస్తాయి. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. మన పక్క నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత. ఇట్లాంటి పిల్లలు మన దగ్గరా పుడతారు. ఉరకడానికి చోటు లేక ఆగిపోతే ఆ సంగతి ఎవరికీ తెలియను కూడా తెలియదు.

కాబట్టి సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను. మొదటిది, మిగిలిన గ్రౌండును సర్వే చేయించి, హద్దురాళ్లు పాతి, నక్షా కాపీ హెడ్మాస్టరు గది గోడకు తగిలించడం. రాళ్లు పాతని జాగా ఏటేటా సన్నబడుతుంది. రెండోది, నల్లరేగడి పైపొర తీసి, మొరం పోసి రోలరుతో తొక్కించి, చుట్టూ కాలువ తీయడం. దానికి డ్రాయింగు, అంచనా నేను తయారుచేసి తెచ్చాను. పని జరిగినన్ని రోజులు సెలవు పెట్టి ఇక్కడే ఉంటాను. మూడోదానికి డబ్బు అక్కర్లేదు. వారానికి ఒక రోజు, ఒక్కో బ్యాచ్ వంతుగా, తెల్లవారుజామున గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకు నేల చూస్తూ నడవాలి. ఇప్పుడు ముళ్ల కంటే పగిలిన సీసాలే ఎక్కువ.

తాత పేరు గ్రౌండుకు పెట్టాలని కొందరు మిత్రులు అన్నారు. వద్దని నా మనవి. ఆయనకు పేర్ల మీద ధ్యాస లేదు, పతకాలు కూడా పాత బూందీ డబ్బాలో పడి ఉండేవి. ఆ ఇనుప చువ్వ, ముడుల తాడు మాత్రం ఇవాళ బడికి అప్పగిస్తున్నాను. అద్దాల బీరువాలో పెట్టకండి. పీఈటీ సారు దగ్గర ఉంచండి, వాడుకోవాలి.

రేపు ఆదివారం. పొద్దున ఆరు గంటలకు గ్రౌండు దగ్గర ఉంటాను. చేతికి సంచి తెచ్చుకోండి. వరుస కట్టేటప్పుడు మాత్రం ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్క చెప్పే నిలబడదాం.